ఎనిమిది కిలోల వెలితి

అక్టోబర్ 5, 2025. ఆదివారం

మహిపాలన్న మా లీగు యాప్‌లో మెసేజ్ పెట్టాడు. "డ్రాఫ్ట్ 19 తారీఖు, ఆదివారం పొద్దున ఏడున్నరకు. స్టేడియం కోర్టు మెట్ల కాడ. లేటుగొస్తే మీ వంతు కంప్యూటరే ఏరుకుంటది, మల్ల నన్ననొద్దు." కింద ఎనిమిది టీముల పేర్లు ఉన్నాయి. ఏడుగురు వస్తామన్నారు. ఎనిమిదోది 'తొర్రూరు కోడెలు'. దాని పక్కన జవాబు లేదు.

అది స్నేహలత టీము. పోయినేడు కూడా ఇలాగే ఖాళీగా ఉంటే ఏడాదంతా కంప్యూటరే నడిపించింది. బేసి సంఖ్య అయితే లీగు నడవదు కాబట్టి మహిపాలన్న ఆ పేరును తీసేయడు. ఎందుకు తీసేయడో నేను కూడా అడగను.

ఈ స్కోర్ బుక్కు అలమర సర్దుతుంటే దొరికింది. నేనూ స్నేహా జిల్లా బాస్కెట్‌బాల్ టీముకు ఆడిన నాటిది. సగం పేజీలు ఖాళీ. దుకాణం ఇంటి కోడలికి ఖాళీ పేజీలు పారేయడానికి చేతులు రావు. అందుకే రాస్తున్నాను, వేరే కారణమేమీ లేదు.

"ఏందమ్మా, పొద్దుగాల్నే ఫోన్ల మొకం పెట్టినవ్?" అంది అత్తమ్మ. ఆమెకు ఆరేళ్ళుగా చెబుతూనే ఉన్నాను. అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్ళను మేం ఎనిమిదిమందిమి వంతులవారీగా ఏరుకుంటాం. డ్రాఫ్ట్ అంటే ఈ ఏరుకోవడమే. ఒకరు తీసుకున్నవాణ్ణి ఇంకొకరు తీసుకోకూడదు. వాళ్ళక్కడ నిజంగా ఆడితే ఇక్కడ మాకు పాయింట్లు పడతాయి. వారానికి ఒకరితో పోటీ. ఏ రోజు ఎవణ్ణి దింపాలో, ఎవణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టాలో మనమే చూసుకోవాలి.

అంతా విని అత్తమ్మ, "ఆడేది వాళ్ళు, ఆయాసం మీకు" అని తీర్పు చెప్పి లోపలికి పోయింది.

అక్టోబర్ 8

జవాబు లేదు.

అక్టోబర్ 12, ఆదివారం

మహిపాలన్న జిరాక్స్ సెంటరు మూసుకుని చౌరస్తాలోని మా స్టీలు సామాన్ల దుకాణానికి వచ్చాడు. బిందె చూపించమన్నాడు. మా లీగు కప్పు ఒక స్టీలు బిందె. గెలిచినవాళ్ళ పేరు, సంవత్సరం దాని మీద నేనే మిషన్‌తో కొడతాను. పెళ్ళిసామాన్ల మీద పేర్లు కొట్టీ కొట్టీ నా చెయ్యి అందుకు బాగా అలవాటుపడింది.

అన్న బిందెను తిప్పి చూశాడు. 2020 మహిపాల్. 2021 స్నేహలత. 2022 స్నేహలత. 2023 దీప్తి. తర్వాత ఒక వరుస ఖాళీ. ఆ కింద 2025 దీప్తి.

"పద్మా, 2024ల నువ్వే గెలిస్తివి గదా. దుకాణం నీది, మిషన్ నీది. ఇంకా పేరు కొట్టుకోవేంది?"

"సూది అరిగిందన్నా."

"మరి 2025కు దీప్తి పేరెట్ల కొట్టినవ్?"

"చాయ్ తాగుతవా అన్నా?" అన్నాను.

సరే, రాసేస్తే ఓ పని అయిపోతుంది. దీప్తికి మార్చి వచ్చిందంటే బ్యాంకులో ఊపిరాడదు. అందుకని మా ఫైనల్ ఫిబ్రవరిలోనే పెట్టుకుంటాం. 2024లో ఫైనల్‌కు నేనూ స్నేహా వచ్చాం. సరిగ్గా అదే వారం మేడారం జాతర. స్నేహ వాళ్ళ బాపు రాజమల్లుతో పోతానంది. ఏదో మొక్కు ఉందంది. ఎవరి మొక్కని నేను అడగలేదు. ఆ జనంలో ఫోన్లు పని చేయవు. అందుకని కాగితం ముక్క మీద తన పాస్‌వర్డ్ రాసి నా చేతిలో పెట్టింది.

"మా పిడుగుకు మడిమ నొస్తాందంట. ఆడకపోతే వాణ్ణి తీసి ముసలెద్దును దించు. మర్చిపోకే, జర."

పిడుగు, ముసలెద్దు అనేవి మేం పెట్టుకున్న పేర్లు. అమెరికా పేర్లకు మహిపాలన్న నోరు తిరగక అందరికీ మన పేర్లు పెట్టాడు. ముసలెద్దంటే వయసు మళ్ళిన ఆటగాడు. వాణ్ణి మిగిలినవాళ్ళు వదిలేస్తారు, స్నేహ ఏటా తీసుకుంటుంది.

"ఫైనల్ నాతోనే, తాళంచెవి నాకే ఇస్తున్నవా?" అన్నాను.

"నీకు గాక ఎవలకిస్త?" అంది.

పిడుగు ఆడలేదు. ముసలెద్దు బెంచీ మీదే ఉండిపోయాడు. ఆ రోజు ముప్పై ఒక్క పాయింట్లు కొట్టాడు. బెంచీ మీద ఉన్నవాడు ఎన్ని కొట్టినా చెల్లవు. నేను పంతొమ్మిది పాయింట్లతో గెలిచాను.

అది పెళ్ళిళ్ళ సీజను, దుకాణంలో గిరాకీ. మరిచిపోయాను. మనుషులు మరిచిపోరా?

స్నేహ జాతర నుంచి తిన్నగా దుకాణానికే వచ్చింది. నా చేతిలో ప్రసాదం పెట్టింది, బెల్లం ముక్క. అప్పుడు అడిగింది, "చూడలేదానే?" అని. "మర్చిపోయిననే" అన్నాను. నా ముఖంలోకి కాసేపు చూసి "సరే" అంది. ఆమె నోటివెంట నేను విన్న ఆఖరి మాట అదే. మర్నాటికి వాట్సాప్ గ్రూపులోంచి వెళ్ళిపోయింది, యాప్‌లో టీము మాత్రం అలాగే ఉండిపోయింది. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఫోనెత్తలేదు.

ఆట కోసం ఇంత పట్టుదలా? పదమూడో ఏటి నుంచి ఎరిగిన మనిషి. ఒకే బస్సులో పోయి, ఒకే పళ్ళెంలో తిని, ఒకే జత బూట్లు వంతులేసుకుని తొడుక్కున్నాం. తనే కెప్టెన్, ఎప్పుడూ తనే. ఒక్కసారి నేను గెలిస్తే ఏం పోయింది?

అక్టోబర్ 15

అత్తమ్మ బీపీ చూపించడానికి దవాఖానకు వెళ్ళాం. అక్కడి బరువు మిషన్ మీద ఊరికే ఎక్కాను. డెబ్బై ఒకటి. దిగి ఇంకోసారి ఎక్కాను. మిషన్ మనసు మార్చుకోలేదు.

ఆ జాతరకు నెల ముందు స్నేహ ఫోన్ చేసి, "స్కూల్ల పిల్లల బరువులు రాస్తాన్న, నీదెంతనే?" అని అడిగింది. హసన్‌పర్తిలో ఒక స్కూల్లో ఆమె ఆటల టీచరు. యాభై ఎనిమిది అని చెప్పాను. నిజానికి అరవై ఆరు. ఆ మాత్రం తగ్గించి చెప్పకపోతే ఆడజన్మ ఎందుకు? వింతేమిటంటే స్నేహ వెక్కిరించలేదు. నా మీద ఒక్క జోకు కూడా వదలని మనిషి, "మంచిది" అని ఫోన్ పెట్టేసింది.

దవాఖాన మెట్లు దిగుతుంటే మోకాలు నొప్పి పెట్టింది. 2023లో కోర్టులో పడి ఆపరేషనైన కాలే.

అక్టోబర్ 19, ఆదివారం. డ్రాఫ్ట్

ఏడింటికే వెళ్ళాను. కోర్టులో పిల్లలు ఆడుతున్నారు. బండి దగ్గర ఇడ్లీలు కట్టించుకుని ఏడుగురం మెట్ల మీద కూర్చున్నాం. మహిపాలన్న మూడు వందల మంది పేర్ల లిస్టు మన పేర్లతో జిరాక్స్ తీసి పంచాడు. వంతుల కోసం స్టీలు గ్లాసులో చీటీలు వేసి తీస్తే నాకు మూడో వంతు. ఎనిమిదో చీటీ ఎవరూ తీయలేదు, గ్లాసులోనే మిగిలింది. అదే స్నేహ వంతు.

ఒక్కొక్కరికి అరవై సెకన్లు. అందరూ నాలుగైదు సెకన్లలో ఏరుకుని పోట్లాటకు దిగుతారు. ఎనిమిదో వంతు వచ్చేసరికి మాత్రం అరవై సెకన్లూ పూర్తిగా నడవాలి, గడువైపోయాక కంప్యూటరు ఎవణ్ణో తీస్తుంది. ఆ నిమిషంలో అందరూ ఇడ్లీ తిన్నారు. నేను ఫోన్‌లో తగ్గుతున్న అంకెలు చూశాను. యాభై, నలభై, ముప్పై. సున్నా. మొదటి నాలుగు రౌండ్లూ అంతే.

ఐదో రౌండ్‌లో నేను ముసలెద్దును తీశాను.

దీప్తి నోట్లో ఇడ్లీతోనే అరిచింది. "పద్మక్కా! వాడు ఆఖరి రౌండ్ల గూడ దొరుకుతడు గదా! ఐదోదాంట్ల ముసలెద్దా?"

"మోకాళ్ళు నొస్తే నొప్పి ఉన్నోడే గుర్తొస్తడేమో" అన్నాడు మహిపాలన్న. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కంప్యూటరు వాణ్ణి తీయదు. పరాయివాళ్ళెవరి దగ్గరో ఆఖర్న అనామకంగా పడి ఉంటాడు. అది నాకు నచ్చలేదు, అంతే.

నా తర్వాత నలుగురు ఏరుకున్నారు. ఎనిమిదో వంతు వచ్చింది. అరవై. యాభై. నలభై. ఇరవై మూడు దగ్గర అంకె ఆగిపోయింది.

చిచ్చుబుడ్డిని తీసుకున్నారు.

చిచ్చుబుడ్డి పొట్టి గార్డు. నాలాగే పొట్టి, నాలాగే నోటి దురుసు. ఆరేళ్ళుగా నావాడు. ఆరో రౌండ్‌లో తీసుకుందామని దాచుకున్నాను. కంప్యూటరైతే సున్నా దాకా ఆగుతుంది. ఇరవై మూడు దగ్గర ఆగదు. అది మనిషి చెయ్యి.

మహిపాలన్న నా వైపు చూశాడు. "వచ్చినట్టుంది" అన్నాడు మెల్లగా.

నేను లిస్టు కిందపడేసి దాన్ని తీసుకోవడానికి వంగి, కాసేపు అలాగే ఉన్నాను. నా కళ్ళలో నీళ్ళు వచ్చాయి. ఎవరూ చూడలేదనుకుంటాను. ఆ తర్వాత అన్ని రౌండ్లూ ఆమే ఏరుకుంది. యాప్‌లో మాత్రం ఒక్క మాట కూడా రాయలేదు.

నా ఎద్దును నువ్వు పట్టుకుంటే నీ బుడ్డిని నేను పట్టుకుంటా అనా? కోపంతోనే కావచ్చు. కోపమైనా ఫర్వాలేదు. ఎక్కడో తన ఇంట్లో కూర్చుని, నేను చూస్తున్న లిస్టునే చూస్తూ, నేనెవణ్ణి తీశానో చూసింది. రెండేళ్ళలో ఆమె నాకింత దగ్గరగా ఎప్పుడూ రాలేదు.

అక్టోబర్ 20. దీపావళి

దుకాణంలో లక్ష్మీపూజ. పొద్దున ఆరింటికి యాప్‌లో ఆమె పేరు పక్కన పచ్చచుక్క వెలిగింది. హారతి దగ్గర కోరుకోవలసింది వేరే ఉంటుందని నాకు తెలుసు.

నవంబర్ 4

ముసలెద్దును ఇస్తానని స్నేహకు ట్రేడ్ పంపాను. ఊరికే ఇస్తానంటే యాప్ ఒప్పుకోదు, బదులుగా ఎవరో ఒకరిని అడగాలి. ఆమె టీములో ఎవరికీ అక్కరలేనివాణ్ణి అడిగాను. గంటలో 'తిరస్కరించారు' అని వచ్చింది.

గంటలో! అంటే వెంటనే చూసిందన్నమాట.

నవంబర్ 7

మళ్ళీ పంపాను. తిరస్కరించింది.

నవంబర్ 11

మళ్ళీ. ఈసారి రెండు నిమిషాల్లోనే. మా ఆయన ఓంప్రకాశ్, "వద్దన్నా పంపుతానవేంది?" అన్నాడు. కాదనడానికైనా నా పేరు నొక్కాలి కదా. ఆయనకు అది చెప్పలేదు.

నవంబర్ 18

ముసలెద్దుకు నడుం పట్టేసిందట. పది రోజులు ఆడడు. దీప్తి వదిలేయమంటోంది. వదలను.

నవంబర్ 29, శనివారం

హసన్‌పర్తిలో పని ఉండి వెళ్ళాను.

అక్కడ నాకు పనేముంటుంది? చెరువు దాటాక ఆటో ఆపించి స్నేహ స్కూలు గోడ పక్కన నిలబడ్డాను. లోపల విజిల్ వినిపించింది. ఆమె విజిల్ నాకు తెలుసు. రెండు పొట్టివి, ఒక పొడుగుది. గేటు సందులోంచి చూస్తే వీపు కనబడింది. జుట్టు కత్తిరించుకుంది. ఒక పొట్టి పిల్లకు లేఅప్ నేర్పిస్తోంది. "భయపడకు, నేనున్న గదా, ఎగురు" అంటోంది. నాతో కూడా అలాగే అనేది.

గేటు తోస్తే ఇరవై అడుగులు. మర్చిపోయాను స్నేహా, మరీ ఇంత శిక్షా అని అడుగుదామని వచ్చాను. ఆ పిల్ల ఎగిరింది. బంతి పడలేదు. స్నేహ దాని నెత్తి నిమిరింది. నేను ఆటో ఎక్కాను.

డిసెంబర్ 14, ఆదివారం

ఇవాళ ఒకటి జరిగింది.

మొన్న కట్టమ్మ అనే ఆమె కూతురికని గంగాళం కొని పేరు కొట్టించుకుంది. ఇవాళ దాన్ని మోసుకుంటూ తిరిగొచ్చింది. "బిడ్డా, నా బిడ్డ పేరు సౌమ్య. గిండ్ల రమ్య అని ఉన్నదంట, మా మనుమడు సదివిండు" అంది. నేను తలెత్తకుండానే, "నువ్వే అట్ల చెప్పినవమ్మా" అన్నాను. అబద్ధమాడాలని ఆలోచించలేదు. నోటికి అదే ముందు వచ్చింది. ఆమె గంగాళాన్ని నిమురుతూ, "నేనే తప్పు చెప్పిన్నేమో బిడ్డా. నాకు యాది ఉంటలేదు" అంది.

ఆమె చీటీ గల్లాపెట్టెలోనే ఉంది. తీసి చూశాను. సౌమ్య అనే ఉంది.

కొత్త గంగాళం ఇచ్చి, తప్పు నాదేనని చెప్పాను. ఆమె దండం పెట్టబోతే చేతులు పట్టుకున్నాను.

ఇప్పుడు రాస్తున్నాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి కాదు, నేను చదవాలి కాబట్టి.

నేను మరిచిపోలేదు.

ఆ రోజు పొద్దున ఏడింటికి స్నేహ పాస్‌వర్డ్‌తో ఆమె టీము తెరిచాను. పిడుగు ఆడడని వచ్చింది. వాణ్ణి తీసి ముసలెద్దును దించాను. చెప్పినట్టే చేశాను. అప్పుడు నా టీము చూసుకున్నాను. వాడు ఏమాత్రం ఆడినా నేను ఓడిపోతాను. మూడోసారి కూడా బిందె మీద ఆమె పేరు నేనే కొట్టాలి. పదమూడో ఏటి నుంచి కప్పు ఆమె చేతిలో, ఫొటోలో నేను పక్కన. అనుకున్నాను, ఒక్కసారి అని. ముసలెద్దును తీసి మళ్ళీ బెంచీ మీద పెట్టాను. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. దుకాణంలో గిరాకీ ఏమీ లేదు. షట్టర్ ఇంకా తీయనే లేదు.

నాకు సిగ్గుగా ఉంది. గెలిచిన రోజు సంతోషం కూడా వేసింది, అది రాయకపోతే ఇది కూడా అబద్ధమే అవుతుంది. పేరు కొడదామని మిషన్ పెట్టినప్పుడే చెయ్యి రాలేదు.

మళ్ళీ ట్రేడ్ పెట్టాను. ట్రేడ్‌తోపాటు రెండు ముక్కలు రాయడానికి చోటు ఉంటుంది. అందులో రాశాను: "మర్చిపోలే. తెరిచిన. దించిన. మల్ల తీసేసిన. గెలవాలని."

డిసెంబర్ 15

తిరస్కరించలేదు. ఒప్పుకోనూ లేదు.

డిసెంబర్ 16

అలాగే ఉంది.

డిసెంబర్ 24

గడువు దాటిపోయి ట్రేడ్ దానంతటదే రద్దయింది. ఇదివరకు కనీసం కాదనేది.

జనవరి 4, 2026

మా వారపు పోటీలో స్నేహతో నేను ఓడిపోయాను. చిచ్చుబుడ్డి ఒక్కడే ఓడించాడు. వాడు ఆడుతుంటే కోపం రాలేదు. మంచి ఇంట్లో పడ్డాడు.

జనవరి 8, గురువారం

పొద్దున యాప్ చూస్తే ట్రేడ్ వచ్చి ఉంది. ఈసారి పంపింది ఆమె. ముసలెద్దును అడిగింది, బదులుగా చిచ్చుబుడ్డిని ఇస్తానంది. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నాయి. ముందు 'ఒప్పుకుంటున్నాను' నొక్కి అప్పుడు పొయ్యి ఆర్పాను.

పది నిమిషాలకు ఫోన్ మోగింది. హలో కూడా అనలేదు.

"నీ బరువెంతనే?"

"ఇప్పుడా?" అన్నాను.

"అప్పుడు. పోయిన జాతర ముందట నేనడిగితే యాభై ఎనిమిదన్నవ్. నిజం చెప్పు."

"అరవై ఆరు."

ఆమె వెనక పిల్లల అరుపులు వినబడుతున్నాయి.

"ఎనిమిది కిలోలు" అంది. "ఎనిమిది కిలోలు తక్కువ ఇచ్చిన తల్లికి."

"ఏందే? నాకర్థమైత లేదు."

"నీ మోకాలు పోయినప్పుడు మొక్కిన. నేనిచ్చిన పాసుకే గదా ఎగిరి పడ్డవ్. నువ్వు మంచిగ నడిస్తే నీ నిలువెత్తు బంగారం ఇస్తనని సమ్మక్కకు మొక్కిన. గా జనంల నువ్వు నడువలేవని, నీ బరువడిగి నేనే బెల్లం తూకిచ్చిన. బాపు సగం, నేను సగం ఎత్తుకపోయినం."

మేడారంలో బంగారమంటే బెల్లమే. ఆ మొక్కు ఎవరిదని ఆనాడు నేను అడగలేదు. నా బరువు బెల్లాన్ని నెత్తిన పెట్టుకుని ఆమె సమ్మక్క కొలువుండే గద్దెల దగ్గరకు పోతున్న పొద్దునే నేను ఇక్కడ ఆమె టీము తెరిచాను.

"నాకు చెప్పొచ్చు గదనే" అన్నాను. ఏడుస్తున్నాను.

"మొక్కు చెప్పుకుంటరా?" అంది. తర్వాత, "నువ్వు తెరిచింది, దించింది, తీసింది నాకెరుకే. టైంతోని సహ యాప్‌ల ఉంటది. బస్సు పస్రా దాటినంక సిగ్నలొస్తే చూసిన."

"దుకాణంకు రాకముందేనా? చూసి గూడ నాకు ప్రసాదం పెట్టినవా?"

"ప్రసాదం నాది కాదు గదా, తల్లిది." మళ్ళీ తనే అంది, "నువ్వే చెప్తవేమోనని అడిగిన. మర్చిపోయిన అన్నవ్. ఓడిపోయినందుకు కాదే నాకు కోపం. గప్పటి సంది ఒకటే అనుమానం. దాంట్ల అబద్ధమాడినదానివి బరువుల ఆడవా అని. మొక్కు తక్కువ పడ్డదేమో, నీ కాలు మల్ల పాడైతదేమో అని. అడుగుదామంటే నీతోని మాట్లాడబుద్ధి కాకపాయె. నీ మోకాలెట్లున్నది?"

"మెట్లు దిగితే నొస్తాంది."

"సూడు మరి!" అని అరిచింది. ఆ అరుపు విని నేను నవ్వాను. ఏడుస్తూనే నవ్వాను. రెండేళ్ళుగా నా మీద కోపంతో ఉన్న మనిషి, రెండేళ్ళుగా నా కాలు గురించి భయపడుతూనే ఉంది.

"28 సంది జాతర. శుక్రవారం పోదాం. ఈసారి తూకం నువ్వే ఎక్కాలె" అంది.

"ఎక్కుత. స్నేహా, బిందె మీద 2024 ఖాళీగనే ఉన్నది. నీ పేరు కొడుత."

"నాదెందుకు? నేను గెలిచిన్నా? నువ్వు గెలిచినవా? జాతర అని కొట్టు."

ఫోన్ పెట్టేసింది. నా మీద కోపం పోయిందా అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

జనవరి 11, ఆదివారం

బిందె మీద కొట్టాను. 2024 జాతర. అక్షరాలు కొంచెం వంకరగా వచ్చాయి.

మహిపాలన్నకు, మిగిలినవాళ్ళకు గ్రూపులో అంతా రాశాను. దీప్తి, "పద్మక్కా, నా పాస్‌వర్డ్ నీకెన్నడు ఇయ్య" అని పెట్టింది. తగిన మాటే.

అత్తమ్మకు కూడా చెప్పాను. "యాభై ఎనిమిదని ఆ పిల్ల ఎట్ల నమ్మిందే? నేనైతే నమ్మకపోదును" అంది. తర్వాత కాసేపటికి వచ్చి, "పొయ్యేటప్పుడు నా తరఫున ఓ కిలో తీసుకపో" అంది.

జనవరి 27

మహిపాలన్న ఫోన్ చేశాడు. "మీరిద్దరు పోతే మీ టీములెవలు చూస్తరు? పాస్‌వర్డులు నాకియ్యుండ్రి."

స్నేహనడిగితే, "ఎవలకియ్యద్దు. ఉండనీ గట్లనే" అంది.

జనవరి 31, శనివారం

నిన్న పోయి ఇవాళ మధ్యాహ్నానికి ఇల్లు చేరాను.

హనుమకొండలో బస్సు దగ్గర స్నేహ, రాజమల్లు బాపు నిలబడి ఉన్నారు. రెండేళ్ళ తర్వాత ఎదురుపడితే ఏం మాట్లాడాలో ఎన్నో అనుకున్నాను. ఆమె నా కాళ్ళ వైపు చూసి, "గా చెప్పులతోనా నడిచేది?" అంది. తన సంచిలోంచి బూట్లు తీసి ఇచ్చింది. ఆమె కొలత, నా కొలత ఒకటే.

జంపన్నవాగులో మునిగి, తూకం వేసే చోటికి వెళ్ళాం. నేనొక పళ్ళెంలో కూర్చున్నాను, రెండో దాంట్లో బెల్లం దిమ్మెలు పెడుతున్నారు. తక్కువైంది ఎనిమిదే కదా, అంతవరకు ఇస్తే చాలదా అన్నాను. "తల్లితోని బేరమాడుతవా?" అని స్నేహ కసిరింది. నా పళ్ళెం లేవలేదు. "ఇంకోటి ఎయ్యి" అంది. లేవలేదు. "ఇంకోటి." డెబ్బై రెండు దగ్గర నేల విడిచాను.

"రెండేండ్లల మల్ల ఆరు కిలోలా?" అంది స్నేహ.

"ఉరికిచ్చేటోళ్ళు లేకపాయిరి" అన్నాను.

ఆమె ముఖం తిప్పుకుంది. నేను గాలిలో వేలాడుతూ, "స్నేహా, నా మీద కోపం పోయిందా?" అన్నాను. ఎంత ఆపుకుందామన్నా ఆగలేదు.

"ముందు దిగు. ఎనుక మంది ఉన్నరు."

మూడు సంచుల్లో కట్టారు. బాపు ఒకటి, నేనొకటి ఎత్తుకున్నాం. పెద్దది స్నేహ తీసుకుంది. నా దాంట్లోంచి రెండు దిమ్మెలు నేను చూడటం లేదనుకుని తన సంచిలో వేసుకుంది. నేను చూశాను. జనం తోసుకుపోతున్నారు. ఆమె ఒక చేత్తో సంచి పట్టుకుని రెండో చేత్తో నా కొంగు పట్టుకుంది. గద్దెల దాకా వదలలేదు. ఆమె వదలకూడదని తప్ప అక్కడ నేనింకేమీ కోరుకోలేదు.

రాత్రి అక్కడే పడుకుని పొద్దున బస్సెక్కాం. కిటికీ పక్కన ఆమె కూర్చుంది. వచ్చే నెల తన స్కూలు పిల్లలకు పోటీలున్నాయని, స్కోర్ రాసేవాళ్ళు లేరని అంది. నేను రాస్తానన్నాను. "తప్పు రాయవు గదా?" అంది. నవ్వుతుందేమోనని చూశాను. నవ్వలేదు. రాయనన్నాను. "సరే" అంది. ఆ రోజు అన్న 'సరే' కాదు ఇది.

కాసేపటికి నిద్రపోయింది. తల నా భుజం మీదికి ఒరిగింది. బస్సు పస్రా దాటాక సిగ్నల్ వచ్చి చేతిలో ఫోన్ వరసగా మోగింది. మహిపాలన్న, దీప్తి, యాప్. నేను చూడలేదు, సంచిలో వేశాను.

అప్పుడే మోకాలు పీకడం మొదలుపెట్టింది. డెబ్బై రెండు కిలోల బెల్లం ఇచ్చి, ఆ తల్లిని మోకాలి సంగతి అడగనే లేదని గుర్తొచ్చింది. ఇది మాత్రం నిజంగానే మరిచిపోయాను. కాలు చాపుకోవాలంటే స్నేహను లేపాలి. ములుగు వచ్చేదాకా అలాగే కూర్చున్నాను.